కొత్త గుడ్డకు పసుపు

పత్తి సీజను మొదలైతే ఆదోని గాలికి ఒక వాసన వస్తుంది. ఎండిన ఆకుపొడి, గోనెసంచులు, వేడెక్కిన యంత్రపు నూనె అన్నీ కలిసిన వాసన. నిన్న పెద్దకడుబూరు వైపు నుంచి వస్తున్న పత్తి లారీ వెనక మా ఆటో ఇరుక్కుపోతే, నా చెయ్యి దానంతటదే కొంగును ముక్కు మీదికి లాగింది. ఆ అలవాటు చేసింది ఉలిగమ్మ. పత్తిలోంచి గింజలు వేరుచేసే జిన్నింగు మిల్లులో మా ఆడవాళ్ళకు మేస్త్రీ. కోసిగి నుంచి బతుకుదెరువుకు వచ్చిన మనిషి. ముందు తిట్టేది, తర్వాత తన సద్దిలో సగం పెట్టేది.

నేను పనిలో చేరిన రోజు, పత్తిలోంచి ఆకులూ ప్లాస్టిక్ పోగులూ ఏరుతూ ఒకటే దగ్గుతున్నాను. ఆమె తన పాతచీర అంచు చించి, తడిపి, నా ముక్కుకు కట్టింది. "ఇది లేకుండా కూసోవద్దు పాపా. ఈ దుమ్ము లోపలికి పోయిందంటే మల్లా బయటికి రాదు," అంది. మాస్కులు ఇమ్మని మేనేజరును ప్రతి సీజనూ అడిగేది. "సూద్దాంలే ఉలిగమ్మా," అనేవాడు. ఆయన చూసేలోపల ఆమెకే దగ్గు పట్టుకుంది.

ఒక పొద్దున ఆ మేనేజరే తెల్లటి మాస్కులు తెచ్చి పంచాడు. మా దూదితో బట్టలు కుట్టించే విదేశీ కంపెనీ నుంచి ఒకామె తనిఖీకి వస్తోందట. "రోజూ ఇవే కట్టుకుంటామని సెప్పండి," అన్నాడు. కొత్తగుడ్డ ఏదైనా పసుపు పెట్టకుండా మేము ఒంటికి తగలనివ్వం. యంత్రానికి పూజ చేసే పసుపు గిన్నె పక్కనే ఉంది. అందరం మూలకు చుక్క పెట్టి కట్టుకున్నాం. చెయ్యి చేసే పనికి బుద్ధిని అడుగుతామా?

వచ్చినామె అందరి ముఖాల మీదా అదే పసుపు చుక్క చూసి, ఇదేమిటని తన వెంట వచ్చిన దుబాసి చేత అడిగించింది. "మందు మేడమ్, దుమ్ముకు మంచిది," అన్నాడు మేనేజరు నవ్వుతూ. ఆమె ఆయన్ను వదిలి ఉలిగమ్మ వైపు తిరిగింది. నిజమేనా అని అడిగించింది. ఔనంటే పని ఉంటుంది, కాదంటే పోతుంది. ఉలిగమ్మ మాస్కు కిందికి లాగింది. "మందూ లేదు మాకూ లేదమ్మా. కొత్తగుడ్డకు పసుపు పెట్టుకుంటాము. ఇవి పొద్దున ఇచ్చినారు, నువ్వు పోతానే ఎత్తుకుంటారు," అంది. వచ్చినామె ఉలిగమ్మ రెండు చేతులూ పట్టుకుంది. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. తర్వాత కారెక్కి వెళ్ళిపోయింది.

ఆ కంపెనీ మా మిల్లు దూది మానేసి ఇంకెక్కడో కొనుక్కుంది. చేతులు కడుక్కున్నంత సులువుగా. మా గతేమిటని ఒక్కరూ అడగలేదు. ఉలిగమ్మను మరుసటి రోజే గేటు దగ్గర ఆపేశారు. పని తగ్గిందని మావాళ్ళే ఆమెను ఆడిపోసుకున్నారు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందట! నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నేను కోసిగికి వెళ్ళేసరికి ఆమె మిరపకాయలు కోసే పనికి గుంటూరు వైపు పోవడానికి మూట కడుతోంది. దగ్గుతూనే కడుతోంది. "ఎందుకు సెప్పినావక్కా?" అన్నాను.

"అడిగింది, సెప్పినా. అడిగినోళ్ళు మల్లా మన బరువు మొయ్యరని నాకేం తెలుసు?" అంది. మూట ముడి బిగించి, "ఇప్పుడన్నా మాస్కులు ఇస్తాండారా?" అని అడిగింది.

ఇస్తున్నారని అబద్ధం చెప్పలేకపోయాను. మిల్లు నేర్చుకున్నది వేరే. తనిఖీ రోజున పసుపు గిన్నె దాచేస్తారు. మాస్కులు కొత్తవిగా కనబడకుండా ముందే ఉతికిస్తారు.

మిరపకోతల నుంచి ఉలిగమ్మ తిరిగి రాలేదు. ఊపిరాడక అక్కడే పోయిందని కబురొచ్చింది. ఇప్పుడు ఆమె స్థానంలో మేస్త్రీని నేను. పోయిన సీజనులో ఇంకో కంపెనీ మనిషి వచ్చి, మీకేమైనా ఇబ్బందులున్నాయా అని మిల్లువాళ్ళు పెట్టిన దుబాసి చేత అడిగించాడు.

"సెప్తాను. సెప్పినాక నా పని పోకుండా సూస్తాడేమో ముందు అడుగు," అన్నాను.

దుబాసి మేనేజరు ముఖం చూశాడు. తర్వాత వచ్చినాయన వైపు తిరిగి ఇంగ్లీషులో "నో ప్రాబ్లమ్" అని ఒక్క ముక్క చెప్పాడు. వచ్చినాయన నవ్వి, నాకు దణ్ణం పెట్టి ముందుకు వెళ్ళిపోయాడు.