మూడో ఏటి చేను

లగుమమ్మ చేనును సర్కారు పుస్తకంలో బీడు అని రాశారు. అది అబద్ధం. ఆ ఒక్క మాట పట్టుకుని, కంపెనీలకిచ్చే భూముల పట్టీలో ఆ మూడెకరాలూ చేర్చారు.

నిన్న సాయంత్రం కుందారపల్లి రోడ్డు మీద బస్సు కోసం నిలబడి ఉండగా వాన పడింది. ఆ చేని వైపు నుంచి తడిసిన గొర్రె పెంటికల వాసన వచ్చింది. బీడుకు ఆ వాసన ఉండదు. మాది గొర్రెలు కాచుకునే ఇల్లు. లగుమమ్మ తన చేలో ఒక ఏడు రాగులు, మరుసటి ఏడు ఉలవలు వేసేది. మూడో ఏడు ఏమీ వేయకుండా మా మందను పిలిచేది. సాయంత్రానికి గొర్రెలను చేలో దడి మధ్య పండబెడితే, తెల్లారేసరికి అంత మేర నేలకు ఎరువు. నేను తొలిసారి మంద తోలుకెళ్లిన ఏడు నాకు కొత్తగా పెళ్లయింది, నోరు కూడా కొత్తదే. “ఏమ్మా, మంచి నేల ఊరికే పెట్టినావే, నీలగిరి చెట్లన్నా వేయకూడదా?” అన్నాను. “నీ పెండ్లాము కానుపైతే మర్నాడే చేతికి కొడవలిస్తావేమప్పా? నేల గూడా అంతే. పండుకోనీ” అంది. మర్నాడు పొద్దున్నే చేతికర్రతో మట్టి గీరుతూ చేనంతా తిరిగింది. “ఈ మూల ఒక్క పెంటిక లేదే! గొర్రెలు యాడ పండుకొన్నాయప్పా, నీ నెత్తిమీదనా?” నేలను చూడటం నాకు నేర్పింది ఆ కర్రే.

చుట్టూ నీలగిరి తోపులు లేచాయి, బావులు ఎండాయి. తోపులు కొట్టి గులాబీలకు ప్లాస్టిక్ షెడ్లు వేశారు. ఇప్పుడు షెడ్ల పక్కన రంగు రాళ్లు పాతి సైట్లు అంటున్నారు. వాటన్నిటికీ పుస్తకంలో గౌరవమైన పేర్లే ఉన్నాయి. అలసి పడుకున్న నేలకు మాత్రం బీడు అని పేరు! ఈ ఏడు ఆ చేనుకు మూడో ఏడు. ఆఫీసరు జీపు దిగకుండానే చూసి రాసుకెళ్లాడు. ఆ సంగతి చెబితే మంచంలో ఉన్న లగుమమ్మ లేచి కూర్చుంది. “నిద్రపోయే మనిషిని చూసి పీనుగని రాసుకొని పోయినాడా! వానికి నువ్వు రాయప్పా. బస్సుల బోర్డులు చూసి అరవ అచ్చరాలు నేర్సినోడివి, ఇప్పుడన్నా ఆ చదువు అక్కరకు రానీ.”

రాశాను. మంద కట్టడమూ సేద్యమే, దిగి వచ్చి చూడండి అని మూడుసార్లు రాశాను. జవాబు రాకముందే ఆమె పోయింది. ఆమె ఇంటివాళ్లు ఆ కర్ర నాకిచ్చారు. ఎవరి చేలో అడుగుపెట్టినా ముందు దానితో మట్టి గీరి చూస్తాను, ఆ తర్వాతే నోరు తెరుస్తాను.

ఈ పొద్దున జవాబు వచ్చింది. ఇక్కడి సర్కారు కాగితాలన్నీ తమిళమే, అందులో ఉన్నదాన్ని మాట మార్చకుండా తెలుగులో దించుతున్నాను:

“మీ అర్జీ మీద స్థలమును నేరుగా తనిఖీ చేయడమైనది. సేద్యము జరుగుచున్న ఆనవాలు ఏదియు కనబడలేదు. నేలంతయు గొర్రె పెంటికలు మాత్రమే ఉన్నవి.”