అత్తయ్యకు అందని నూనె

తొమ్మిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తూ వచ్చాను. చిన్నదే. "రాలేదు" అన్న ఒక్క మాట. మా ఆవిడతో ఆ మాట అన్నాను. పడకలో ఉన్న అత్తయ్యతో ఇంకో రకంగా అన్నాను. ఆ తర్వాత నోరు విప్పకుండా ఊరుకుని, అదే మాట రోజూ అంటూనే ఉన్నాను. మీరెవరో నాకు తెలియదు, నా పేరు మీకు చెప్పను. చెప్పాల్సిన ఆయన ఎక్కడున్నాడో తెలియక మీకు చెబుతున్నాను. ఇదీ ఒక రకం పిరికితనమే, ఒప్పుకుంటాను.

మాది విజయనగరం వైపు. ఉద్యోగం రాష్ట్రం అవతల బచేలీలో, గనుల టౌన్‌షిప్‌లో. కొండ మీది ఇనుప ఖనిజాన్ని కిందికి దించే కన్వేయర్ బెల్టు దగ్గర మెయింటెనెన్స్ పని. మా ఆవిడ విమల నర్సు. గుంటూరు వైపు క్యాథలిక్కులు వాళ్ళు. ఇష్టపడి పెళ్ళి చేసుకున్నాం. ఆదివారం ఆమె చర్చికి వెళ్ళేది, శనివారం నేను వెంకన్నకు దీపం పెట్టుకునేవాణ్ణి. మా ఇద్దరికీ ఎప్పుడూ పేచీ రాలేదు. మామగారు పోయాక అత్తయ్య వచ్చి మా క్వార్టర్‌లోనే ఉండిపోయింది.

అత్తయ్యకు నన్ను ఆటపట్టించడం సరదా. నేనేమో అన్నీ తెలిసినట్టు మాట్లాడేవాణ్ణి. "మాకు పైడితల్లి, మీకు మరియమాత, ఎవరి అమ్మవారు వాళ్ళకి" అన్నానొకసారి. జపమాల ఒళ్ళో పెట్టుకుని పకపకా నవ్వింది. "మీకు గోంగూర పచ్చడి కావాలంటే నన్ను నేరుగా అడుగుతారా అల్లుడుగారూ? విమల చేత అడిగిస్తారు. మేమూ అంతే. తల్లి చేత కొడుకుని అడిగిస్తాం. ఆమెకు పూజ చెయ్యం" అంది. ఇంకోసారి, ఫాదర్‌కి పాపం చెప్పేసుకుంటే మళ్ళీ కొత్తగా చేసుకోవచ్చు కదా అన్నాను. "మళ్ళీ చేసే ఉద్దేశం పెట్టుకుని చెబితే అది చెప్పుకున్నట్టే కాదు బాబూ" అంది, ఈసారి నవ్వకుండా. ఇలా ఒక్కొక్కటీ దిద్దించుకున్నవాణ్ణి, మంచాన పడ్డవాళ్ళకు ఫాదర్ ప్రార్థన చేసి రాసే నూనె సంగతి మాత్రం ఎప్పుడూ అడగలేదు. అది నాకు తెలుసనుకున్నాను.

ఎలా తెలుసు? చిన్నప్పుడు మా వీధి చివరింట్లో ఒకాయన మంచాన పడ్డాడు. ఫాదర్ నూనె పట్టుకుని వచ్చాడు. పొద్దుగూకేసరికి ఆ ఇంట్లోంచి ఏడుపులు వినిపించాయి. "నూనె రాశారంటే ఇక అంతే" అంది మా నాయనమ్మ. అంతే, నాకు తెలిసిందల్లా అదే. క్యాథలిక్కుల్లోనే ఎంతోమంది అలా భయపడతారనీ, ఊపిరి అందని దాకా ఫాదర్‌ని పిలవరనీ, ఆఖరి ఘడియలో పిలిచి ఆ చావును నూనె మీదికి నెట్టేస్తారనీ చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ ఏడు వానల్లో అత్తయ్యకు నెమ్ము చేసింది. ఆసుపత్రిలో ఉండి, కాస్త తేరుకుని ఇంటికి వచ్చింది. ఇక భయం లేదన్నాడు డాక్టరు. ఆవిడ మాత్రం విమలను పిలిచి, "ఫాదర్‌కి ఫోన్ చెయ్యమ్మా, నూనె రాయించుకుంటాను" అంది. మనిషి కోలుకుంటూ ఉంటే ఈ చావు తంతు ఏమిటి? ఈవిడ ఆశ వదిలేసుకుందా? ఆ నూనె ఒంటికి తగలగానే ఇక లేవకూడదని మనసులో నిశ్చయించేసుకుంటుందా? ఇదంతా లోపల్లోపలే అనుకున్నాను. పైకి అని ఉంటే అత్తయ్య నవ్వి దిద్దేది. గోటితో పోయేది అక్కడే పోయేది.

ఫాదర్‌ది కేరళ. తెలుగు సరిహద్దు దగ్గర, కోంటా వైపు చాలాకాలం పనిచేసి అక్కడి తెలుగు నేర్చుకున్నాడు. మలయాళీ నోట ఆ "ఏంది"లూ "ఎట్లా"లూ వింటే అత్తయ్యకు భలే సరదాగా ఉండేది. అప్పట్లో ఆయన మాకు దూరంగా, గీదం అవతల ఉండేవాడు. ఆయన వస్తానన్న రోజున విమలకు డ్యూటీ పడింది. వెళ్ళే ముందు మంచం పక్కన స్టూలు వేసి, దాని మీద తెల్లగుడ్డ పరిచి, సిలువా కొవ్వొత్తీ పెట్టి వెళ్ళింది. అత్తయ్య తల దువ్వించుకుని ఎదురుచూస్తూ పడుకుంది.

మధ్యాహ్నం, జోరు వానలో, గేటు ముందు మోటార్‌సైకిల్ ఆగింది. నేను గొడుగు వేసుకుని బయటికి వెళ్ళాను. రెయిన్‌కోటులో ఫాదర్. మోకాళ్ళ దాకా ఎర్రబురద.

"ఏంది బాబూ, అమ్మకు ఎట్లా ఉంది?"

"బాగానే ఉంది ఫాదర్. నిద్రపోతోంది."

"లేపకు. నేను కూసుంటా. లేచినంక నూనె రాసి పోతా."

"డాక్టరుగారు ఎవర్నీ కలవనివ్వద్దన్నారు."

"అమ్మే రమ్మన్నదంట కదా. విమల ఫోన్ చేసింది."

"ఇప్పుడు వద్దంటోంది. ఆదివారం రండి ఫాదర్."

ఆయన కాసేపు నా మొహం వైపు చూశాడు. నమ్మాడో లేదో నాకు తెలియదు. "మంచిది. ఆదివారం పూజ అయినంక వస్తా. అమ్మ అడిగితే, నేను వచ్చిన అని చెప్పు" అన్నాడు. బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు. అంతసేపూ గేటు గడియ మీద నా చెయ్యి అలాగే ఉంది. అంత దూరం తడుస్తూ వచ్చిన మనిషిని వరండాలోకి కూడా రమ్మనలేదు.

లోపలికి రాగానే అత్తయ్య అడిగింది, "బండి చప్పుడయింది, ఫాదరేనా?" అని.

"కాదత్తయ్యా. పక్కింటాయన."

"వస్తాడులే. వాన కదా" అంది.

విమల డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పకుండానే అడిగింది. "రాలేదు" అన్నాను. వెంటనే ఫోన్ చేసింది, కలవలేదు. ఆయన సిగ్నల్ లేని ఊళ్ళ వైపు వెళ్ళాడని చర్చి వాళ్ళు చెప్పారు. ఆ ఊళ్ళకు వెళ్ళే మనిషి ముందు మా ఇంటికే వచ్చాడన్న సంగతి నాకొక్కడికే తెలుసు. తెల్లారి అత్తయ్యకు మళ్ళీ జ్వరం తిరగబెట్టింది. మళ్ళీ ఆసుపత్రి. మాట వచ్చినంతసేపూ ఫాదర్ వచ్చాడా, ఫాదర్ వచ్చాడా అని అడుగుతూనే ఉంది. అప్పుడైనా చెప్పొచ్చు. ఇంకో ఫాదర్‌ని పిలిపిద్దామని అయినా అనొచ్చు. ఆవిడ చూపులు తలుపు వైపు, నా చూపులు నేల వైపు. ఆదివారం రాకముందే అత్తయ్య పోయింది.

సమాధి చెయ్యడానికి ఆ ఫాదరే వచ్చాడు. శవపేటిక పక్కన నిలబడి, అందరి ముందూ, విమల ఆయనను అడిగేసింది. "బతికుండగా రాలేకపోయారు, ఇప్పుడెందుకొచ్చారు ఫాదర్?" అని. ఆయన తల తిప్పి నా వైపు చూశాడు. ఒక్కసారే. దొంగకు తేలు కుట్టినట్టయింది నాకు. ఇప్పుడు చెప్పేస్తాడు అనుకున్నాను. ఆయన విమల వైపు తిరిగి, "క్షమించు తల్లీ" అన్నాడు. అంతే. ప్రార్థన పుస్తకం తెరిచాడు.

ఎందుకు చెప్పలేదు? శవం ముందు మొగుడూ పెళ్ళాల మధ్య నిప్పు పెట్టడం ఇష్టంలేకా? నేనే చెప్పుకుంటానని నాకు గడువు ఇచ్చాడా? ఆ గడువును తొమ్మిదేళ్ళు వాడుకున్నాను. మరుసటి ఏడు ఆయనకు బదిలీ అయింది. వెళ్ళే ముందు ఇంటింటికీ వెళ్ళి చెప్పొచ్చాడట. మా ఇంటికి రాలేదు. వస్తే విమల తలుపు తియ్యదని ఆయనకూ తెలుసు.

విమల చర్చి మానేసింది. ఒక్కసారిగా కాదు. ముందు ఆదివారం డ్యూటీలు అడిగి వేయించుకుంది. తర్వాత క్రిస్మస్‌కి కూడా ఏదో ఒక వంక. జపమాల బీరువాలోకి వెళ్ళింది. తల్లి పోయిన బాధ కొంత తగ్గింది గానీ, తల్లిని ఆఖర్న చర్చి వాళ్ళు వదిలేశారన్న బాధ తగ్గలేదు. నేను ఓదార్చేవాణ్ణి. సిగ్గులేకుండా ఓదార్చేవాణ్ణి.

నూనె గురించి నాకు తెలియజెప్పింది మా బెల్టు సెక్షన్ జోజి. గుండె ఆపరేషన్‌కి వెళ్తూ నూనె రాయించుకున్నాడని విని, వాడి పని అయిపోయిందనుకున్నాను. నాలుగు నెలల తర్వాత టిఫిన్ డబ్బా ఊపుకుంటూ డ్యూటీకి వచ్చాడు. "నూనె రాశారని విన్నాను" అన్నాను, నోరు జారి. "అవును, ఇది రెండోసారి. కామెర్లు వచ్చినప్పుడు ఒకసారి రాయించుకున్నాను. జబ్బు చేసినవాడికి ధైర్యం కోసం గురూ, చచ్చేవాడికి ఒక్కడికే కాదు" అని నవ్వాడు. అత్తయ్య చావుకు సిద్ధపడలేదు. బతకడానికి బలం అడిగింది. నేను ఇవ్వనివ్వలేదు.

తెలియక చేశాను అని ఇక్కడితో ఆపేస్తే బాగుండును. నాకు నేను చాలా ఏళ్ళు అలాగే చెప్పుకున్నాను, అత్తయ్య మీద ప్రేమతో, ఆవిడ గుండె చెదురుతుందన్న భయంతో చేశానని. భయం ఉంది, అబద్ధం కాదు. కానీ గేటు గడియ మీద నా చెయ్యి ఉన్నప్పుడు నేను మొదట చూసింది ఫాదర్ వైపు కాదు, ఎదురు క్వార్టర్ వరండా వైపు. అక్కడ మా సెక్షన్ వాళ్ళు ఇద్దరు నిలబడి ఉన్నారు. "నువ్వెప్పుడు మారతావు? మీ అత్తగారు మార్చేస్తుందిలే" అని రోజూ వేళాకోళం చేసేవాళ్ళు. ఫాదర్ సంచీతో మా ఇంట్లోకి అడుగుపెడితే రేపు బెల్టు దగ్గర ఏమంటారో, అదీ నా లెక్క. భయాన్ని ముందుకు తోసి దాని వెనక సిగ్గును దాచుకున్నాను. నాయనమ్మ మాట నాకు సాకుగా దొరికింది. ఏది ఎంత పాలు అని మీరడిగితే చెప్పలేను.

ఇప్పుడు విమలకు ఆపరేషన్. కడుపులో గడ్డ. తీసి చూస్తే గానీ ఏమిటో చెప్పలేమన్నారు. జగదల్‌పూర్‌లో ఆసుపత్రిలో ఉన్నాం. నిన్న జోజి భార్య చూడటానికి వచ్చి, ఇక్కడి ఫాదర్‌ని పిలవమంటావా అని అడిగింది. విమల గోడ వైపు తిరిగి, "మా అమ్మకు రానివాళ్ళు నాకెందుకు?" అంది. ఆపరేషన్ కాగితం మీద సంతకం చెయ్యకుండా దిండు కిందే పెట్టుకుంది. వేల మందికి ఆపరేషన్‌కి ముందు ధైర్యం చెప్పిన నర్సు. తనకు ధైర్యం ఎక్కడ దొరుకుతుందో ఆమెకు తెలుసు. ఆ దారి మూసింది నేను.

జోజి భార్య వెళ్ళాక చెప్పాను. వచ్చాడు, నేనే పంపేశాను అన్నాను. గేటు, వాన, పక్కింటాయన బండి, అన్నీ చెప్పాను. "భయపడ్డాను విమలా" అన్నాను.

"అదొక్కటేనా?" అంది.

ఎదురు వరండా సంగతి కూడా చెప్పాను. ఆమె దుప్పటి అంచును వేళ్ళతో మడత పెడుతూ, విప్పుతూ ఉండిపోయింది. భోజనం వచ్చింది, తినలేదు. ఈ పొద్దున నర్సు బీపీ చూసి వెళ్ళాక మొదటిసారి మాట్లాడింది.

"ఫాదర్‌ని పిలిపించండి" అంది. నేను లేవబోతుంటే మళ్ళీ అంది. "ఆయన వచ్చినప్పుడు మీరు లోపల ఉండొద్దు."

ఫాదర్ వచ్చాడు. కుర్రవాడు, ఇక్కడి మనిషే, ఇక్కడి హల్బీ భాష యాసతో హిందీ. నేనే ఎదురెళ్ళి గది దాకా తీసుకొచ్చి, తలుపు తీసి, బయట నిలబడ్డాను. లోపలి నుంచి చిన్నగా ప్రార్థన వినిపిస్తోంది, మాటలు తెలియడం లేదు. ఈ బెంచీ మీద కూర్చుని ఫోన్‌లో మీకు రాస్తున్నాను. చెప్పేశాక ఒళ్ళు తేలికపడింది, దాచను. ఆ తేలిక తీసుకునే హక్కు నాకుందా? అది విమల చెప్పాలి. ఆమె ఇంకా చెప్పలేదు. బహుశా చెప్పదు.