ఆటల మాస్టారికి ఆరో ర్యాంకు

నా చిన్నప్పుడు మా ఇంట్లో మార్కులు పడని వస్తువంటూ ఉండేది కాదు. అమ్మ పెట్టిన పప్పుచారుకు పదికి ఏడు, మార్కెట్ నుంచి వచ్చిన వంకాయలకు ఐదు, ఊరి నుంచి పెదనాన్న రాసిన ఉత్తరానికి, దస్తూరీ బాగోలేదు కనుక, నాలుగు. వేసేది మా నాన్న. ఆయనకు అదొక సరదా. "పొయ్యి దగ్గర ఒక్క పూట నిలబడి, అప్పుడు వేద్దురుగాని మార్కులు" అని అమ్మ మూతి తిప్పేది గాని, ఎనిమిది పడిన కూరను మాత్రం వారం తిరక్కుండా మళ్లీ వండేది. నేను నాన్న కూతుర్ని. అమ్మ పోలిక కాస్త వచ్చి ఉంటే ఈ సంగతి చెప్పుకోవలసిన అవసరమే ఉండేది కాదు.

మా నాన్న ఇక్కడ సింగపూర్‌లో ఒక కాలేజీలో ల్యాబ్ అటెండరు. ఆ ఉద్యోగం ఖాళీ ఉందని చెప్పి, దరఖాస్తు కూడా తానే నింపి పెట్టినవారు మా పక్కింటి అంకుల్. ఆయన అదే కాలేజీలో ఆటల మాస్టారు, ఫుట్‌బాల్ జట్టుకు హెడ్ కోచ్ కూడా. వాళ్లు తాతల కాలంలోనే ఇక్కడికి వచ్చిన తెలుగువాళ్లు. ఆయన తెలుగులో మలయ్ మాటలు, తమిళ మాటలు కలగలిసి ఉండేవి, మధ్యమధ్య ఇక్కడివాళ్ల అలవాటు ప్రకారం 'లా' అని ఒక తోక కూడా తగిలేది. మా ఫ్లాట్ల కారిడార్‌లో నేను ఎదురైతే "ఏమ్మా, మకాన్ అయిందా?" అని అడిగేవారు. భోజనం అయిందా అని. అయిందంటే నమ్మేవారు కారు. జేబులోంచి ఒక బిస్కెట్ తీసి చేతిలో పెట్టేవారు.

బడి విడిచాక నేను బస్సెక్కి నాన్న కాలేజీకే వెళ్లేదాన్ని. ఆయన పని ముగిసేదాకా మైదానం పక్క మెట్ల మీద కూర్చోవాలి. నాలుగేళ్లు అలా కూర్చున్నాను. ఆ నాలుగేళ్లూ నా ఎదురుగా పక్కింటి అంకుల్ తన జట్టుకు ఆట నేర్పుతుండేవారు. ఇక్కడి వాన చెప్పి రాదు కదా, అది మొదలైతే ముందు నన్ను బంతులు దాచే షెడ్డులోకి పంపి, ఆ తరువాతే ఆటగాళ్లను పిలిచేవారు. మ్యాచ్ సగంలో వాళ్లకిచ్చే కమలాపండు ముక్కల్లో ఒకటి నాకు రావలసిందే. ఎవరైనా కుర్రాడు తేలికైన గోల్ పోగొట్టుకుని నేల మీద కూలబడితే, ఆయన వెళ్లి వాడి పక్కనే గడ్డిలో కూర్చుని మెల్లగా ఏదో చెప్పేవారు. ఏం చెప్పేవారో నాకు వినబడేది కాదు. వాడు లేచి నిక్కరు దులుపుకుని మళ్లీ పరుగెత్తేవాడు. ఇవన్నీ ఒకరు చెబితే విన్నవి కావు, నా కళ్లతో చూసినవి.

అయితే జట్టు గెలిచేది కాదు. ఆ నాలుగేళ్లలో కప్పు మాట అటుంచి, ఫైనల్ మొహం కూడా చూడలేదు. ఐదో ఏడు కాలేజీవాళ్లు ఆయనను కోచ్ పని నుంచి తప్పించి బయటి నుంచి ఒక కొత్తాయనను తెచ్చారు. అంకుల్ వట్టి ఆటల మాస్టారుగా మిగిలారు. కొత్తాయన వచ్చిన ఏడాదే జట్టు కప్పు గెలిచింది.

అప్పుడు నాకు పదకొండేళ్లు. కొత్త కోచ్ మెట్ల మీద బయటివాళ్లను కూర్చోనిచ్చేవాడు కాదు కాబట్టి నేను లైబ్రరీకి చేరాను. అక్కడ కాలేజీ పుట్టినప్పటి నుంచి ఏటేటా వేసిన పత్రికలు అట్టలు కట్టి పెట్టి ఉండేవి. ప్రతిదానిలోనూ ఫుట్‌బాల్ జట్టు ఫోటో, దాని కింద ఆ ఏటి గెలుపోటములు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది నాకు. మొదట ఒక దొర, ఆ తరువాత చైనీస్ లెక్చరర్ ఒకాయన, అలా మొత్తం ఆరుగురు కోచ్‌లు తేలారు. ఎవరు ఎన్ని గెలిచారు, ఎన్ని ఓడారు, ఎన్ని గోల్స్ వేశారు, ఎన్ని ఇచ్చుకున్నారు, అంతా నోటు పుస్తకంలో గళ్లు గీసి దింపాను. నాన్న దానికి పదికి తొమ్మిది వేశారు. మా ఇంట్లో అంతకుముందు తొమ్మిది ఎవరికీ పడలేదు. ఆ మురిపెంలో ఆయన ప్రిన్సిపాల్ దాకా వెళ్లి చెప్పారు. కప్పు గెలిచినందుకు శనివారం క్యాంటీన్‌లో విందు పెడుతున్నాం, మీ అమ్మాయిని అదంతా పెద్ద చార్టు మీద రాసి తెమ్మనండి, గోడకు పెడదాం అన్నారట ప్రిన్సిపాల్.

ఉత్త అంకెలు గోడకు పెడితే ఎవరు చూస్తారు? నాకొక బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. బడిలో మాకిచ్చినట్టే ఒక్కో కోచ్‌కు ఒక్కో ప్రోగ్రెస్ కార్డు. ఫోటో, పేరు, మార్కులు, ర్యాంకు, చివర టీచర్ అభిప్రాయం. కొత్త కోచ్‌కు మొదటి ర్యాంకు. దొరగారికి రెండు. పక్కింటి అంకుల్‌కు ఆరు. ఆరుగురిలో ఆరు. టీచర్ అభిప్రాయం దగ్గర, మా క్లాస్ టీచర్ నా కార్డులో రాసిన మాటే ఇంగ్లీషులో దింపాను: శ్రద్ధ చాలదు, ఇంకా కష్టపడాలి. తెలిసినవారని చూడకుండా న్యాయంగా వేశానని నాలో నేను పొంగిపోయాను కూడా. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటారు చూశారా, నేను లెక్కపెట్టి ఊరుకోలేదు, స్కెచ్ పెన్నులతో రంగులు కూడా వేశాను.

ఒక్కటే లోటు మిగిలింది. ఆయన కాలపు జట్టు ఫోటోల్లో ఆయన లేరు. ఆ నాలుగేళ్లూ కెమెరా పట్టుకుని ఫోటో తీసింది ఆయనే మరి. వెళ్లి వాళ్ల గ్రిల్ గేటు దగ్గర నిలబడి, కాలేజీలో కోచ్‌లందరి చార్టు పెడుతున్నారు, అంకుల్ ఫోటో కావాలి అని అడిగాను. ఆంటీ మొహం వెలిగిపోయింది. కోచ్ పని పోయాక ఆ ఇంట్లో అలాంటి మాట విని ఎన్నాళ్లయిందో. బీరువాలోంచి స్టూడియోలో తీయించుకున్న ఫోటో తెచ్చి, "ఒక్కటే ఉందమ్మా, పనవగానే ఇచ్చెయ్యి" అంది. లోపలి నుంచి అంకుల్ "నాది కూడానా? అదేంలా, నేనేం గెలిచానని" అన్నారు. ఆ గొంతులో సంతోషం దాచుకుందామన్నా దాగలేదు.

నేను ఆ ఫోటోకు జిగురు రాసి అతికించేశాను.

శుక్రవారం సాయంత్రం అమ్మ చార్టు ముందు కూర్చుని చూసింది. ఆమెకు ఇంగ్లీషు రాదు. అంకుల్ ఫోటో గుర్తుపట్టి, "ఆయనకెంత వేశావే?" అని అడిగింది. "బాగానే వేశాను" అన్నాను. తెలియక చేసిన పని, చిన్నపిల్లవి కదా అని నాకు నచ్చజెప్పినవాళ్లున్నారు. నన్ను నేను కూడా చాలాసార్లు అలాగే సముదాయించుకోబోయాను. ప్రతిసారీ ఈ ఒక్క అబద్ధం అడ్డం వచ్చి నిలబడుతుంది. తెలియకపోతే అబద్ధం ఎందుకు ఆడతాను?

శనివారం క్యాంటీన్ నిండా జనం. చార్టు చుట్టూ ఆటగాళ్లు, లెక్చరర్లు మూగారు. ఒక కుర్ర లెక్చరర్ కార్డులన్నీ పైకి చదువుతుంటే అందరూ నవ్వుతున్నారు. నాకు భూమ్మీద కాళ్లు ఆనడం లేదు. ఆరో కార్డు దగ్గరకు వచ్చేసరికి నవ్వు ఇంకా పెరిగింది. సరిగ్గా అప్పుడే పక్కింటివాళ్లు వచ్చారు. అంకుల్ తెల్లచొక్కా, ఆంటీ తల్లో మల్లెపూలు, ఇస్త్రీ చొక్కాల్లో ఇద్దరు చిన్నపిల్లలు. ఆంటీ దూరం నుంచే ఫోటో చూసి, "అదిగో చూడండ్రా, నాన్న!" అని పిల్లలను ముందుకు తోసింది. పెద్దవాడికి ఏడేళ్లు. కూడబలుక్కుని చదవడం అప్పుడే వచ్చింది వాడికి. చదివాడు. పైకే చదివాడు.

నవ్వు ఆగిపోయింది. ఆంటీ నా వైపు ఒక్కసారి చూసి, తల దించుకుని చిన్నవాడి కాలరు సవరించింది. నాకు తల తీసేసినట్టయింది. నేల చీలి లోపలికి పోతే బాగుండుననే మాటను నేను అంతవరకు కథల్లోనే విన్నాను.

అంకుల్ చేతులు వెనక్కి కట్టుకుని, మొదటి ర్యాంకు కార్డు నుంచి మొదలుపెట్టి ఆరూ నిదానంగా చదివారు. ఈలోగా మా నాన్న పరుగున వచ్చి, "పిల్లది సార్, తెలీక రాసింది, ఏమీ అనుకోకండి" అంటూ చార్టు చింపబోయారు. అంకుల్ ఆయన చెయ్యి పట్టుకుని ఆపారు. "ఎందుకు లా చింపడం? లెక్క ఒక్కటి కూడా తప్పు లేదు" అన్నారు. తరువాత జేబులోంచి పెన్ను తీసి, "ప్రోగ్రెస్ కార్డు కదా, సంతకం చెయ్యకుంటే టీచర్ ఊరుకోదు" అని తన ఫోటో కింద సంతకం పెట్టి, పెద్దవాడిని ఎత్తుకుని నవ్వారు. ఆయన నవ్వాక అందరూ నవ్వారు. ఆ నవ్వులో నన్ను తిట్టవలసినవాళ్లంతా తిట్టడం మరిచిపోయారు. ఆయనకు కావలసింది కూడా అదేనని నాకు అప్పుడే అర్థమైంది. అర్థం కాకపోతే ఆ రోజు అన్నం తినగలిగేదాన్నేమో.

నేను ఒక మూల నిలబడి ఉంటే ఆయనే ప్లేటులో నూడుల్సూ ఒక కర్రీ పఫ్పూ పెట్టుకుని వచ్చారు. మకాన్ అయిందా అని అడగలేదు. పక్క కుర్చీలో కూర్చుని, నిజంగా తెలుసుకోవాలని ఉన్నట్టు, "ఈ ఆరుగురిలో ఎవరెవరు ఆట నేర్పుతుంటే చూశావమ్మా నువ్వు?" అన్నారు.

"మీరొక్కరే అంకుల్" అన్నాను.

"అలాగా" అన్నారు. ప్లేటు నా వైపు జరిపి, పిల్లల దగ్గరకు వెళ్లిపోయారు.

మిగతా ఐదుగురూ నాకు కాగితం మీది అంకెలు. ఆయన ఒక్కరే నేను నాలుగేళ్లు ఎండలో, వానలో చూసిన మనిషి. నా కళ్లు చూసినదాన్ని పక్కకు నెట్టి, పత్రికలో అచ్చయిన అంకెను నమ్మాను. పోనీ నమ్మానా అంటే అదీ కాదు. అమ్మకు అబద్ధం చెప్పినప్పుడే నాకు తెలుసు, ఆ అంకె ఆయన కాదని.

నేనూ తరువాత ఆ కాలేజీలోనే చదివాను. మొన్న పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో, ఇన్నేళ్లలో మన కోచ్‌లందరిలోకీ ఎవరు మేటి అని ఓట్లు పెట్టారు. రెండు రోజులు ఒకటే వాదన. ఆనాడు కప్పు గెలిచిన జట్టులో సగం మందిని తయారుచేసింది ఆటల మాస్టారే కదా అని ఒకాయన రాశాడు. నిజమే కావచ్చు. కాని అది నాకు ఊరట కాదు. వాళ్లు ఆ ఏడు కూడా ఓడిపోయి ఉంటే నా ఆరో ర్యాంకు న్యాయం అయిపోయేదా? నేను ఓటు వెయ్యలేదు. వన్-నార్త్ పేటలో ఒక ఆఫీసులో ఉద్యోగం చేసినన్నాళ్లూ ఏటా నా కింద పనిచేసేవాళ్లకు రేటింగులు ఇచ్చాను. ఎవరినో ఒకరిని చివరి వరుసలో పెట్టక తప్పేది కాదు. పక్కన కూర్చుని పని చూడకుండా మాత్రం ఎవరికీ అంకె వెయ్యలేదు. దాన్ని నా మంచితనమని చెప్పుకునేవారు ఆఫీసులో. మంచితనం కాదు, భయం.

విందు మర్నాడు, ఆదివారం, నేను వాళ్ల తలుపు తట్టి ఒక్క మాట అని ఉండాల్సింది. మా రెండిళ్లకూ నడుమ ఒక్క గోడే. తట్టలేదు. పొద్దున్నే ఆయన కాలేజీకి, నేను బడికి బయలుదేరే వేళ ఒకటే. సోమవారం నుంచి నేను బ్యాగు తగిలించుకుని తలుపు వెనక నిలబడి, ఆయన బూట్ల చప్పుడు లిఫ్టు దాకా వెళ్లి ఆగిపోయేవరకు కదిలేదాన్ని కాదు. దాంతో బస్సు తప్పిపోయేది. ఆ వారంలో మూడుసార్లు ఆలస్యంగా వెళ్లి క్లాసు బయట నిలబడ్డాను. తరువాతి వారం నుంచి ఆ చప్పుడు పది నిమిషాలు ముందే వినబడసాగింది. ఆయన పనివేళలు మారాయి కాబోలు అనుకుని నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

కొన్ని నెలలు గడిచాక ఒకనాడు అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ అంది: "ఆంటీ చెప్పిందే. నువ్వు బడికి లేటయిపోతున్నావని ఆయన రోజూ ముందే దిగిపోయి, నీకు కనబడకుండా కింద వెనకవైపు బెంచీ మీద కూర్చుంటున్నారట. నీ బస్సు వెళ్లాకే తన బస్సెక్కుతున్నారట. వెళ్లి ఒక్క మాట మాట్లాడి రావే, పోయిందేముంది?"

నేను వెళ్లలేదు. రెండేళ్లకు వాళ్లు ఇల్లు మారిపోయారు. లారీలోకి సామాను ఎక్కిస్తున్నంతసేపూ నేను స్నానాలగదిలో గడియ పెట్టుకుని కూర్చున్నాను. ఆయన మా అమ్మకు వెళ్లొస్తామని చెప్పడం, పాప ఏదమ్మా అని అడగడం లోపలికి వినబడుతూనే ఉంది.

ఇప్పుడు ఈ ఊళ్లోనే బుకిట్ పంజాంగ్ అనే పేటలో ఉంటున్నాను. మా అంతస్తులో ఎవరితోనూ నాకు ఏ పేచీ లేదు. అయినా పొద్దున్నే కారిడార్‌లో బూట్ల చప్పుడు వినబడితే, తలుపు తీయబోయిన చెయ్యి గడియ మీదే ఆగిపోతుంది. ఆ చప్పుడు లిఫ్టు దగ్గరకు వెళ్లి ఆగిపోయేవరకు నేను బయటికి రాలేను.