అల్మారాలో లేని పాస్‌పోర్టు

ఆస్ట్రేలియాలో ఒక రాష్ట్రానికి మంత్రిని తయారుచేసి పంపినవాణ్ణి నేను. ఈ సంగతి డ్రెస్డెన్‌లో మా వీధి చివరి రొట్టెల కొట్టు ఆమెకి తెలుసు, నా పళ్ళ డాక్టరుకి తెలుసు, ట్రామ్‌లో నా పక్కన కూర్చున్న పాపానికి ఇంకా చాలామందికి తెలుసు. ఇద్దరం ఒకే గదిలో ఉండి చదువుకున్నామనీ, అతనికి నలుగురిలో మాట్లాడటం నేర్పింది నేనేననీ, అతని మొదటి ఎన్నికల ప్రసంగం నా వంటింటి బల్ల మీదే పుట్టిందనీ చెబుతూ ఉంటాను. డాక్టరుగారు నోరు తెరవమనేలోపే సగం చెప్పేస్తాను. మిగతా సగం ఆయన పని అయ్యాక, మొద్దుబారిన నాలుకతోనే.

ఇందులో నిజమెంతో ఇప్పుడే చెప్పేస్తాను. ఒకే గదిలో ఉన్నమాట నిజం. వంటింటి బల్ల కూడా నిజమే, కాకపోతే దాని మీద ప్రసంగాలేవీ పుట్టలేదు. ఉప్మా మాడింది, అంతే. అతను మంత్రి ఎన్నడూ కాలేదు. అక్కడి రాష్ట్ర శాసనసభలో సభ్యుడు. మూడుసార్లు గెలిచాడు, మధ్యలో ఒకసారి ఓడాడు. ఇక మాట్లాడటం నేర్పడమంటారా, అతను మాట తూచి మాట్లాడే మనిషి. నేను తూనికరాళ్ళు పారేసుకున్నవాణ్ణి. నా దగ్గర నేర్చుకుని ఉంటే మొదటి ఎన్నికల్లోనే డిపాజిట్ పోయేది.

ఎనభైల్లో రైన్ నది పక్కన ఒక ఊళ్ళో ఇద్దరం ఇంజనీరింగు చదివాం. అతనిది కరీంనగర్ వైపు, నాది తెనాలి వైపు. ఆ చదువయ్యాక అతను కొన్నాళ్ళు ఇక్కడే నీటి పంపుల కంపెనీలో పనిచేసి, ఆ కంపెనీ పంపితే ఆస్ట్రేలియా వెళ్ళి, అక్కడే ఉండిపోయాడు. నేను బెర్లిన్ గోడ కూలాక తూర్పుకొచ్చి డ్రెస్డెన్‌లో కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో రిటైరయ్యాను. అప్పటినుంచి ఇప్పటివరకూ ప్రతి ఆదివారం ఉదయం మాకు ఫోను. నాకు ఉదయం కాఫీ, అతనికి సాయంత్రం టీ.

అతని రాజకీయం ఒక బస్‌స్టాప్ దగ్గర మొదలైంది. వాళ్ళ పేటలో బస్సు కోసం నిలబడే ముసలివాళ్ళకి నీడ లేదని ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాడు. రెండేళ్ళు రాశాడు. చివరికి పైకప్పు వేశారు గానీ ఎండ పడే వైపు వదిలేసి రెండోవైపు వేశారు. మళ్ళీ రాశాడు. ఆ ఉత్తరాలు చూసి పేటవాళ్ళు పురపాలక సభకి పంపారు, అక్కణ్ణుంచి ఒక పార్టీవాళ్ళు, ఎలాగూ ఓడిపోయే సీటే కదా అని, శాసనసభకి నిలబెట్టారు. ఇతను ప్రతి ఇంటికీ నడిచాడు. రెండుసార్లు కుక్కలు కరిచాయి. గెలిచాడు.

ఆ దేశంలో పోలింగు రోజున బడి బయట సాసేజ్‌లు కాల్చి అమ్ముతారట. మావాడు శాకాహారి. పొయ్యి దగ్గర నిలబడకపోతే బాగుండదని ఉల్లిపాయలు వేయించే పని తీసుకున్నాడు. ఓడిన ఏడాది కూడా ఉల్లిపాయలు వేయించాడు, తనని ఓడించినవాడి చేతికి రొట్టెలో పెట్టి ఇచ్చాడు. ఆసుపత్రి ముందు బండ్లు నిలిపే చోటు, బడి దగ్గర పిల్లలు రోడ్డు దాటే గీతలు, వాన పడితే మునిగే రైలు వంతెన, ఇవీ అతను సభలో అడిగిన ప్రశ్నలు. నేను ఇక్కడ చెప్పేసరికి బస్‌స్టాప్ పైకప్పు వంతెనయ్యేది, వంతెన ఆనకట్టయ్యేది. నీటి సరఫరా కమిటీలో వేశారని అతను చెబితే, ఆ రాష్ట్రంలో నదులన్నీ మావాడి చేతికింద ఉన్నాయని రొట్టెల కొట్టులో చెప్పాను.

ఇలా చెప్పుకుంటే ఎవరికీ నష్టం లేదని నా నమ్మకం. నష్టం జరిగింది. అది చెప్పడానికే కూర్చున్నాను.

మూడోసారి గెలిచిన కాలం అయిపోవస్తుండగా ఒక ఆదివారం ఫోన్లో అతని గొంతు వేరేగా ఉంది. వాళ్ళ ప్రాంతం నుంచి దేశ పార్లమెంటుకి వెళ్ళే పెద్దాయన తప్పుకుంటున్నాడు, పార్టీ ఆ టికెట్టు ఇతనికే ఇచ్చేలా ఉంది. తన రాష్ట్ర సీటు వదులుకుంటున్నానని బయటికి చెప్పేశాడు కూడా. అక్కడ ఒక టీచరమ్మ అప్పుడే ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టింది. ఇక వెనక్కి వెళ్ళి నాది నాకిమ్మనడం కుదరదు. ఆ రోజే ఇంకోమాట కూడా చెప్పాడు. రాష్ట్ర సభకి అడ్డు లేదు గానీ, దేశ పార్లమెంటుకి నిలబడేవాడికి ఇంకే దేశపు పౌరసత్వమూ ఉండకూడదు. భారత పౌరసత్వం అక్కడి పౌరసత్వం తీసుకున్ననాడే పోయింది, జర్మనీది ఎప్పుడూ తీసుకోలేదు, కాబట్టి తనకేం దిగులు లేదన్నాడు.

నేను విన్నాను. విన్నానని ఇక్కడ రాసిపెడుతున్నాను, ఎందుకంటే తర్వాత నాకా రూలు తెలియదని చాలామందికి చెప్పాను.

నెల తిరక్కుండానే లైప్‌జిగ్‌లో మనవాళ్ళ ఉగాది. బడి హాలు అద్దెకి తీసుకున్నారు. అందరూ బ్లూ కార్డు వీసా మీద ఉద్యోగాలకి వచ్చిన కుర్రవాళ్ళు, వాళ్ళ పిల్లలు, ఇల్మెనౌ నుంచి రైల్లో వచ్చిన విద్యార్థులు. నాకంటే ముందు ఒకబ్బాయి జర్మన్ పౌరసత్వానికి ఎలా దరఖాస్తు పెట్టాలో, ఏ పరీక్ష రాయాలో చెప్పాడు. హాలంతా ఫోన్లలో రాసుకుంటోంది. తర్వాత సంఘం కార్యదర్శి, మంచి పిల్ల, “పెద్దాయన మూడు నిమిషాలు మాట్లాడతారు” అని నన్ను పిలిచింది. నేను లేచేసరికి రాసుకునేవాళ్ళందరూ ఫోన్లు దించేసి పులిహోర ప్లేట్ల వైపు చూస్తున్నారు.

అది తట్టుకోలేకపోయాను. మంత్రిగారి కథ ఎత్తుకున్నాను. రెండు తలలు తిరిగాయి. నదుల సంగతి చెప్పాను, ఇంకో నాలుగు తిరిగాయి. ఇంకా కావాలనిపించింది. “ఆయన జర్మన్ పౌరుడు కూడానండీ” అన్నాను. “ఆ రోజుల్లో మీకున్న ఈ పరీక్షలూ అవీ లేవు. నేనే దగ్గరుండి సంతకం పెట్టించాను. ఆ పాస్‌పోర్టు ఇప్పటికీ మా ఇంట్లో అల్మారాలో ఉంది.” హాలు హాలంతా చప్పట్లు కొట్టింది. విద్యార్థులు ఈలలేశారు. నాకు అరవయ్యెనిమిదేళ్ళు. నాకోసం ఎవరైనా ఈల వేయడం అదే మొదలు.

మా అల్మారాలో ఉన్నది అతని పాత ట్రామ్ పాసు. ఫోటో ఉంటుంది, ముద్ర ఉంటుంది. అతను వెళ్ళిపోతూ మర్చిపోయాడు.

మా ఆవిడ కేసి చూడకుండా వేదిక మీంచి దిగాను. రైల్లో తను ఒక్కమాటే అంది. “అన్నయ్యకి తెలిస్తే ఏమనుకుంటాడండీ?” ఆస్ట్రేలియా ఎక్కడ, లైప్‌జిగ్ ఎక్కడ అన్నాను.

కార్యదర్శి ఆ ప్రసంగాన్ని వీడియో తీసి యూట్యూబులో పెట్టింది. అక్కడినుంచి అది మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో పడింది, వాటిలో ఒకటి ఆస్ట్రేలియాది. అదే టికెట్టు అడుగుతున్న ఇంకొకాయన మనుషుల చేతికి వెళ్ళడానికి ఎన్నాళ్ళు పట్టిందో తెలియదు. పార్టీ టికెట్టు కమిటీ ముందుకి వచ్చేసరికి మాత్రం నా మాటలకి కింద ఇంగ్లీషు అక్షరాలు కూడా ఉన్నాయట. పాస్‌పోర్టు, అల్మారా, అన్నీ.

బుధవారం ఉదయం ఫోను మోగింది. ఆదివారం కానిరోజు అతను చేయడమే నాకు భయం. అతను తిట్టలేదు. “నీ అల్మారాల ఏముందిరా?” అని అడిగాడు. ట్రామ్ పాసు అన్నాను. కమిటీకి రెండు వారాలే గడువుంది, ఈ సంగతి తేలకపోతే టికెట్టు రెండోవాడికి వెళ్తుంది, నువ్వు సాయం చెయ్యాలి అన్నాడు. చేస్తానన్నాను. ఆ తర్వాత మరో రెండుసార్లు ఫోను చేశాడు. రెండుసార్లూ చేస్తున్నాననే అన్నాను.

ముందు సంఘం కార్యదర్శికి ఫోన్ చేసి వీడియో తీసేయమన్నాను. “ఎందుకంకుల్, మన చానల్‌లో అన్నిటికంటే ఎక్కువమంది చూసింది మీదే” అంది. సౌండు బాగాలేదన్నాను. తీసేసింది. అటువైపువాళ్ళు మర్నాడే, చూశారా, నిజం కాబట్టే తీసేశారు అన్నారట.

తర్వాత పౌరసత్వాల ఆఫీసుకి పరుగెత్తాను. అతను జర్మన్ పౌరుడు కాదని ప్రభుత్వమే రాసిస్తే ఇక ఎవరూ నోరెత్తరు కదా అని నా ఆలోచన. ఈ దేశంలో పుట్టినా టెర్మిన్, అంటే ముందుగా తీసుకున్న అపాయింట్‌మెంటు, కావాలి, పోయినా టెర్మిన్ కావాలి. మొదటిది ఏడు వారాల తర్వాత ఉంది. నేను టెర్మిన్ లేకుండానే వెళ్ళి, నడుం నొప్పి నటించి, కిటికీ దగ్గర కూర్చున్న ఆమెని కదిలించాను. ఆమె ఓపికగానే వింది.

“మీరు జర్మన్ పౌరులా?”

“నేను అవునండీ. అతను కాదు.”

“ఆయన ఎప్పుడైనా దరఖాస్తు పెట్టారా?”

“లేదండీ.”

“మరి లేదని ఎందుకు రుజువు చేయాలి? పౌరసత్వం ఉందని ఎవరన్నారు?”

నేనేనని చెప్పలేకపోయాను. ఎవరో ఒక ముసలాయన పొరపాటు పడ్డాడండీ అన్నాను. ఆమె నా నడుం కేసి చూసి, విదేశాల్లో ఉండేవాళ్ళ సంగతి వేరే ఆఫీసు చూస్తుందనీ, దరఖాస్తు అతనే పెట్టాలనీ, జవాబు నెలలు పట్టవచ్చనీ చెప్పి, ఒక కాగితం మీద చిరునామా రాసిచ్చింది. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. రోజుకి ఎంతమందికి రాస్తుందో. ఇంటికొచ్చి ఆ చిరునామా ఫోటో తీసి అతనికి పంపించాను. చదివినట్టు రెండు నీలం గీతలు పడ్డాయి.

రెండు వారాలు గడిచాయి. టికెట్టు రెండోవాడికి వెళ్ళింది. అతని రాష్ట్ర సీటులో టీచరమ్మ నిలబడింది, గెలిచింది. పోలింగు రోజున ఇతను ఆమె తరఫున ఉల్లిపాయలు వేయించాడట. ఇరవై ఏళ్ళ రాజకీయం ఒక బడి గేటు దగ్గర అలా ముగిసింది. ఆ మాట అతను చెప్పలేదు, వాళ్ళావిడ మా ఆవిడకి చెప్పింది. నాతో మాత్రం ఆదివారం ఫోన్లలో మోకాళ్ళ నొప్పులూ తోటలో నిమ్మచెట్టూ తప్ప ఏమీ మాట్లాడడు. నేనే ఎప్పుడైనా ఆ ఆఫీసులూ, ఆ టెర్మిన్లూ, ఈ దేశంలో ఏ పనీ కాదు అని మొదలుపెడితే, టీ చల్లారుతోందంటాడు.

ఇదంతా రాసి మా ఆవిడకి ఇచ్చాను. చదివి, కళ్ళజోడు తీసి, నాకెందుకు, అన్నయ్యకి చదివి వినిపించండి అంది. ఈ ఆదివారం వినిపించాను. నా తప్పు ఒప్పుకున్నాననీ, ఇంతకంటే ఎవరు ఒప్పుకుంటారనీ లోపల కొంచెం గర్వంగానే ఉంది. అతను మధ్యలో ఆపకుండా విన్నాడు. కుక్కల దగ్గర నవ్వాడు కూడా. అయ్యాక అడిగాను, ఎలా ఉందిరా అని.

“మంచిగనే రాసినవ్” అన్నాడు. “ఒక్కటే తప్పు. సర్టిఫికెట్ తెమ్మని నేను నిన్ను ఎన్నడు అడిగిన? స్టేజి మీద చెప్పింది అబద్ధమని రెండు లైన్లు రాసి, సంతకం పెట్టి పంపమన్న. మూడుసార్లు అడిగిన. కమిటీవాళ్లు అదే చాలన్నరు. దానికి ఏ ఆఫీసుకు పోవుడు లేదు, ఏ టెర్మిన్ లేదు. ఆ లైప్‌జిగ్ పోరగాళ్ల ముంగట అబద్ధాలకోరువైతవని నువ్వు రాయలే.”