ఏడు రోజుల్లో రాసిన పది నెలల డైరీ

డైరీ రాసుకుంటే మనిషి బాగుపడతాడని ఎవరైనా చెబితే నమ్మండి, అది నిజమే. కానీ ఆ మాట సభలో నిలబడి చెప్పమంటే మాత్రం ఒప్పుకోకండి. నేను ఒప్పుకున్నాను. అందుకే పంతొమ్మిదేళ్ళ వయసులో, మదనపల్లెలో నలభై మంది టీచరమ్మల ముందు, నా ఉద్యోగాన్నీ మా పెద్ద టీచరమ్మ ఉద్యోగాన్నీ ఒక్క పుస్తకంతో ముంచేయబోయాను.

అవి యుద్ధం రోజులు. పుంగనూరులో మిషన్ వాళ్ళ చిన్న బడిలో ఆ జనవరిలోనే కొత్తగా ఉద్యోగంలో చేరాను. ఇంకా ఖాయం కాలేదు. బడి మొత్తానికి ఇద్దరమే టీచర్లం, నేనూ పెద్ద టీచరమ్మ రత్నమ్మగారూ. ఆమె గొంతు సవరించుకుంటే పిల్లలతోపాటు నేనూ చేతులు కట్టుకునేదాన్ని.

అక్టోబరు చివర్లో ఒక మధ్యాహ్నం, పిల్లలకు లెక్కలిచ్చి, తంబళ్లపల్లెలో ఉన్న మా అక్కకు ఉత్తరం రాస్తున్నాను. ఉత్తరం నిండా రత్నమ్మగారి కోపం గురించే. ఇంతలో కాగితం మీద నీడ పడింది.

“ఏం రాస్తాండావు సుగుణా?”

ఉత్తరాన్ని నోటుపుస్తకంలోకి తోసి టక్కున మూశాను. “డైరీ అమ్మా!”

“డైరీనా? దినామూ రాస్తావా?”

“దినామూ అమ్మా. జనవరి నుంచీ.”

చూశారా నా తెలివి! జనవరి నుంచీ అని నన్ను ఎవరడిగారు?

రత్నమ్మగారి ముఖం విచ్చుకుంది. “బో మంచి అలవాటు. వచ్చే వారం మదనపల్లెలో మీటింగు ఉండాది గదా, డైరీతో మనకేం లాభమో నువ్వే చెప్పల్ల. డైరీ కూడా ఎత్తుకొనిరా. సూపర్వైజరమ్మ సూస్తే నీ ఉద్యోగం ఖాయం చేసేస్తారు.”

ఏడు రోజులు. మూడు వందల పేజీలు. ఆ కరువులో కాగితం దొరకడమే కష్టం. మా అమ్మ పెట్టె అడుగున దాచుకున్న లావుపాటి ఖాళీ పుస్తకం ఆమెకు తెలియకుండా తీశాను. పొద్దున బడికి పోయేముందూ సాయంత్రం వచ్చాకా అదే పని. ఒక నెల చిక్కటి సిరా, ఇంకో నెల నీళ్ళు కలిపిన సిరా. మార్చి నెల పాతగా కనబడాలని దాన్ని ఎండబెట్టాను. అంతవరకూ బాగానే ఉంది. కానీ రాయడానికి విషయం ఏదీ? నిన్నటి కూరే గుర్తులేని నాకు ఫిబ్రవరి ఎలా గుర్తుంటుంది? అందుకని ఒక ఉపాయం పన్నాను. రత్నమ్మగారు ఎటూ చదువుతారు కాబట్టి ప్రతి పేజీలోనూ ఆమెను పొగిడాను. ‘పెద్ద టీచరమ్మ ప్రార్థన విని మనసు నిండింది.’ ‘పెద్ద టీచరమ్మ మందలింపు తేనెలా ఉంది.’ పొగడ్తలు రాసీ రాసీ వేళ్ళు కాయలు కాశాయి.

ఆ రోజు రానే వచ్చింది. బొగ్గుతో నడిచే బస్సు ఎప్పుడూ ఎత్తు దగ్గర ఆగిపోయేది. ఈసారి కూడా ఆగిపోవాలని దారి పొడుగునా మొక్కుకున్నాను. అది ఎన్నడూ లేనంత హుషారుగా మదనపల్లె చేరింది.

నా ఉపన్యాసం విని మీరు కూడా చప్పట్లు కొట్టేవారు. “రాసుకుంటే మరుపు ఉండదు. మన తప్పు మన కంటికే కనబడుతుంది. గుండెలో బరువు కాగితం మీదికి దిగిపోతుంది!” అని చెబుతుంటే, నా గుండెలో బరువు మాత్రం గొంతు దాకా ఎక్కింది.

సూపర్వైజరమ్మ లేచి చెయ్యి చాపారు. “బాగా చెప్పినావమ్మా. ఏదీ, ఆ డైరీ ఇట్లియ్యి. జూలై మొదటి సోమవారం యాడుండాది?”

ఆ సోమవారంతో ఆమెకేం పని? నాకు అర్థం కాలేదు. పక్కన రత్నమ్మగారు మాత్రం సుద్దముక్కలా తెల్లబడిపోయారు. సూపర్వైజరమ్మ వేలు తడి చేసుకుని ఒక్కొక్క పేజీ తిప్పి, పైకి చదివారు.

“‘సోమవారం. ఈ ఉదయం పెద్ద టీచరమ్మ ప్రార్థన చేయించారు. ఆ కంఠం ఎంత కమ్మగా ఉందో!’”

పుస్తకం మూసి రత్నమ్మగారి వైపు తిరిగారు. “రత్నమ్మా, ఆ దినం నిన్ను కుప్పం స్టేషన్లో చూసినట్టు ఉండాదని అడిగితే, బళ్ళోనే ఉంటినని చెప్తివి. నేను నమ్మల్యా. నాలుగు నెల్లుగా నిన్ను అనుమానిస్తాండా. నన్ను మన్నించు తల్లీ.”

అప్పుడు గుర్తొచ్చింది. ఆ సోమవారం రత్నమ్మగారు బడికే రాలేదు. రెండు తరగతుల పిల్లలనూ ఒక్కదాన్నే అదిలించీ అదిలించీ, గొంతు పోగొట్టుకుని మూడు రోజులు సైగలతో పాఠం చెప్పాను. అలాంటి రోజును మరిచిపోయి కమ్మని కంఠం అని రాశాను! రత్నమ్మగారు నన్ను చూశారు. నేను పైకప్పు చూశాను.

అంతటితో అయిపోలేదు. “వచ్చే నెల నుంచి మదనపల్లె, పుంగనూరు, కుప్పం టీచర్లు అందరూ డైరీ రాసి నాకు చూపించల్ల,” అని సూపర్వైజరమ్మ ప్రకటించారు. నలభై జతల కళ్ళు నన్ను కాల్చేశాయి.

తిరుగు బస్సు సగం దూరం వచ్చాక రత్నమ్మగారు అడిగారు.

“సుగుణా, ఆ సోమవారం నేను యాడుంటి?”

“బళ్ళో లేరమ్మా. రెండు క్లాసులూ నేనే సూసుకుంటి.”

“మరి నా ప్రార్థన యాడ వింటివి?”

ఇక ఆగలేదు. ఏడుస్తూ ఉత్తరం సంగతితో మొదలుపెట్టి సిరాలో నీళ్ళదాకా మొత్తం చెప్పేశాను. ఆమె కిటికీలోంచి చూస్తూ విన్నారు.

“కుప్పంలో మా చెల్లెలి బిడ్డకు జొరం సుగుణా. ఆదివారం పోయింటి. సోమవారానికి బిడ్డ కన్ను తెరవల్యా. సెలవు అడగకుండా పోయినానని భయపడి అబద్దం చెప్తి. అప్పట్నుంచి అన్నం సయించల్యా.” నా వైపు తిరిగారు. “నాది ఒక్క దినం అబద్దం. దానికే ఇట్లయిపోతి. మూడు వందల దినాలు రాసి నువ్వు ఎట్ల తింటాండావే?”

అని నవ్వడం మొదలుపెట్టారు. నేను ఏడుస్తూనే నవ్వాను. కండక్టరు మా ఇద్దరినీ చూసి టిక్కెట్టు అడగడానికి జంకాడు.

మర్నాడే ఎవరి తప్పు వాళ్ళం రాసి, ఒకే కవరులో పెట్టి సూపర్వైజరమ్మకు పంపాం. జవాబు కోసం పది రోజులు చూశాం. పోస్టుమాన్ సైకిల్ గంట వినబడితే చాలు, నా చేతిలో సుద్దముక్క విరిగేది.

జవాబు వచ్చింది. రత్నమ్మగారికి మందలింపు, బిడ్డ ఎలా ఉందన్న పలకరింపు. నా ఉద్యోగం ఖాయం, కానీ ఒక షరతు మీద. ఏడాదిపాటు నిజం డైరీ రాయాలి. ప్రతి పేజీ కిందా ‘ఇది జరిగినది’ అని రత్నమ్మగారు సంతకం పెట్టాలి.

ఆ ఏడాది నేను పడ్డ పాట్లు పగవాళ్ళకు కూడా వద్దు. సాయంత్రం బడి వదలగానే పుస్తకం పట్టుకుని నిలబడాలి. ఆమె కళ్ళజోడు సవరించుకుని ఆరా తీసేవారు. “‘మనశ్శాంతి కలిగింది’ అని రాసినావే, ఎప్పుడు కలిగింది? నేను సూడల్యా. కొట్టెయ్.”

మొదటి నెల చివర్న, మనసులో దండం పెట్టుకుని, కొట్టివేతలు లేకుండా, ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. ‘జరగని రోజును ఇక ఈ జన్మలో కాగితం మీద పెట్టనని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను.’

రత్నమ్మగారు రెండుసార్లు చదివి, సంతకం పెట్టకుండానే పుస్తకం తిరిగి ఇచ్చేశారు.

“ఇది ముందు జరగనీ. అప్పుడు సూస్తాం.”