అక్షింతల పురుగు పిల్లలు

మొన్న చిక్కుడు తీగ మీద నల్లచుక్కల ఎర్రటి అక్షింతల పురుగొకటి నా వేలికి పసుపుపచ్చ మరక అంటించి ఎగిరిపోయింది. ఆ చేదు వాసనకు చిన్ననాటి స్నేహితురాలు యాదమ్మ గుర్తొచ్చింది.

డెబ్భైల్లో, పటాన్‌చెరు దగ్గర మా ఫ్యాక్టరీ కాలనీ పార్కుకు వాళ్ల నాన్న తోటమాలి. గులాబీ మొక్కల్లో ఇద్దరం ఎర్రటి అక్షింతల పురుగులు వెతికేవాళ్లం. ఒకరోజు వాటి పక్కనే నల్లటి ముళ్లపురుగులు కనిపించాయి. మా ఎర్రవాటిని తినేస్తాయేమోనని అన్నింటినీ చిదిమేసి, మెచ్చుకుంటుందని యాదమ్మను పిలిచాను.

"ఏం జేసినవే! గివన్నీ దీని పిల్లలే గద!" అంటూ అరచేతిలోని ఎర్రపురుగును చూపించి ఏడ్చింది.

నాకేమీ అర్థం కాలేదు. ఒక్క పోలికైనా లేదే! ఇంటికెళ్లి, అద్దం ముందు జడ వేసుకుంటున్న అమ్మ పక్కన నిలబడి మా ముఖాలు మార్చిమార్చి చూశాను. పురుగుల రసంతో పసుపుపచ్చగా మారిన వేళ్లు మాత్రం వెనక దాచుకున్నాను.

మొన్న కూడా, చూసేవాళ్లెవరూ లేకపోయినా, చెయ్యి దానంతటదే వెనక్కి వెళ్లింది.