మా సముద్రానికి నీలం పూశారు

నాకు కోపం ముక్కుమీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. ఉంటే ఉంటుంది. ఆ కోపాల్లో చాలావాటికి కారణం ఇప్పుడు నాకే గుర్తులేదు. ఒక్కదానికి మాత్రం బాగా గుర్తుంది. అది నేను బందరులో నాలుగో ఫారం చదివేటప్పుడు డ్రాయింగు క్లాసులో పుట్టింది. ఇంత వయసు వచ్చినా చల్లారలేదు. చల్లారనివ్వను కూడా.

మాది దివిసీమ. అక్కడ ఆ రోజుల్లో ఆడపిల్లకు ఐదో తరగతితో చదువు సరి. నేను ఏడ్చి, అలిగి, అన్నం మానేసి, చివరికి నాన్నను ఒప్పించి, పులిగడ్డ రేవు దాటి బందరులో మావయ్యగారింట్లో చేరాను. ఆడపిల్లల హైస్కూలు. వారానికి రెండుసార్లు డ్రాయింగు. మేష్టారు మద్రాసులో బొమ్మల చదువు చదివి వచ్చినవారు. ఎప్పుడూ నలగని కోటు, కోటు జేబులో సూదిలా చెక్కిన పెన్సిళ్లు. మనిషి మంచివారు, పాఠం చెప్పడంలో ఘనులు. ఆ సంగతి ముందే చెప్పెయ్యాలి. ఆయన చేతకాని పంతులైతే నాకింత మంట ఉండేది కాదు.

మొదటి రోజు బల్లమీద ఇత్తడి చెంబు పెట్టి గియ్యమన్నారు. చెంబు గియ్యడం ఎంతసేపు! చకచకా గీసేసి అందరికన్నా ముందు పట్టుకెళ్లాను.

"చెంబు మూతి ఇంత గుండ్రంగా కనపడుతోందా అమ్మా నీకు?" అన్నారు.

"గుండ్రంగానే ఉంటుంది కదండీ!"

"ఉంటుందా అని అడగలేదు. కనపడుతోందా అన్నాను."

వెనక్కి వెళ్లి కూచుని చూశాను. మూతి గుండ్రంగా లేదు. పైనుంచి ఎవరో నొక్కినట్టు కోలగా ఉంది. ఆయన వచ్చి చెంబు ఎత్తి సరిగ్గా నా కళ్లకెదురుగా పట్టుకున్నారు. మూతి ఒట్టి గీత అయిపోయింది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ చెంబుతో నీళ్లు తాగుతున్నదాన్ని, చెంబును ఒక్కనాడూ చూడలేదన్నమాట.

"తెలిసింది గియ్యకు. కనపడింది గియ్యి" అన్నారు మేష్టారు.

ఆ మాట నన్ను దయ్యంలా పట్టుకుంది. గోడమీద నీడ నల్లగా ఉండదని, తెల్లచీర మడతల్లో తెలుపు తప్ప అన్ని రంగులూ ఉంటాయని ఆ ఏడాదే తెలుసుకున్నాను. అత్తయ్య కూర తరుగుతుంటే, వంకాయ మీద కిటికీ వెలుతురు ఎక్కడ పడుతోందా అని చూస్తూ నిలబడిపోయేదాన్ని. పిల్లకేదో గాలి సోకిందని అత్తయ్య ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచింది కూడా. నేను మాత్రం మేష్టారిని దేవుడికన్నా ఒక మెట్టు పైన కూచోబెట్టుకున్నాను.

మాఘమాసంలో మేష్టారు ఒక కబురు తెచ్చారు. మద్రాసులో పిల్లల బొమ్మల ప్రదర్శన పెడుతున్నారట. క్లాసు మొత్తానికి ఒక్క బొమ్మ పంపుతానన్నారు. ఆ ఒక్కటీ నాదే కావాలి. నిద్రలో కూడా అదే ధ్యాస.

మాఘపున్నమికి ఇంటికి వెళ్లాను. ఏటా వెళ్లినట్టే అందరం బండి కట్టుకుని హంసలదీవికి సముద్రస్నానానికి వెళ్లాం. వాళ్లంతా మునుగుతుంటే నేను అట్టా కాగితమూ ఒళ్లో, రంగులపెట్టె పక్కన పెట్టుకుని ఇసుకలో కూచున్నాను. ఒరిగిన పడవ గీశాను. చేతులు పట్టుకుని వరసగా మునుగుతున్న ఆడవాళ్లను గీశాను. తర్వాత సముద్రం. కృష్ణ మోసుకొచ్చిన ఒండ్రంతా కలిసేది అక్కడే కదా. ఒడ్డున నీళ్లు మట్టిరంగులో ఉన్నాయి. కాస్త దూరాన అదే రంగులో ఆకుపచ్చ కలిసింది. ఆకాశం దగ్గర బూడిదరంగు, దాని మీద సన్నగా వెలుగు. ఇటుకరంగులో పసుపు కలిపి చూశాను, చిటికెడు నలుపు వేసి చూశాను. కుదిరేదాకా లేవలేదు. నా జన్మలో అంత నిజంగా ఏ పనీ చెయ్యలేదు.

మేష్టారు బొమ్మ చూసి, "పడవ బ్రహ్మాండంగా ఉంది. మనుషులూ కుదిరారు. ఈ బురదేమిటి?" అన్నారు.

"సముద్రమండీ."

క్లాసంతా గొల్లున నవ్వింది.

"సముద్రం నీలంగా ఉంటుందమ్మా."

"ఉంటుందేమోనండీ. నాకు కనపడలేదు."

పొగరుతో అనలేదు. ఆయన నేర్పిన పాఠమే అప్పజెప్పాను. ఆయన మొహం ఎర్రబడింది.

"మద్రాసులో ఏళ్ల తరబడి రోజూ సముద్రం చూసినవాణ్ణి. నాకు చెప్తున్నావా?"

"అది మద్రాసు సముద్రమండీ. ఇది మాది."

"మీది సముద్రం కాదు, ఏరొచ్చి కలిసే మొగ. ప్రదర్శన చూసేవాళ్లకి ఇది సముద్రమని ఎలా తెలుస్తుంది? నీలం వేసి తీసుకురా, నీదే పంపిస్తాను."

"వెయ్యనండీ."

"ఇంత నీలం పూస్తే నీ సొమ్మేం పోయిందే!" అని పక్కపిల్ల గిల్లింది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లంటుందని ఇంకొకతె దెప్పింది. కుందేలు నా కళ్లముందు మూడు కాళ్లతో నిలబడితే నేను నాలుగెలా చెప్పను?

బొమ్మ ఆయన దగ్గరే ఉండిపోయింది. తర్వాతి క్లాసుకు వెళ్లేసరికి అది మేష్టారి బల్లమీద ఉంది, ఆయన కుంచె దానిమీద ఉంది. ఈ చివరినుంచి ఆ చివరికి చిక్కటి నీలం. ఆ నీలం మీద జంతికల్లా తెల్లటి నురగ చుట్టలు. మునుగుతున్న ఆడవాళ్ల నడుముల దాకా నీలం పాకింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"కనపడింది గియ్యమని మీరే కదండీ చెప్పారు!"

ఆయన తల ఎత్తకుండానే, "అది చెంబులకమ్మా" అన్నారు.

చెంబులకట! ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి. చెంబు దగ్గర నిజం కావాలి, మద్రాసు వెళ్లేటప్పుడు అక్కర్లేదు. ఆ నియమమేదో మొదటి రోజే చెప్పి ఉంటే నేను మూతి గుండ్రంగానే గీసుకుని, హాయిగా బతికేదాన్ని. కళ్లు తెరిపించినవాడే వాటిమీద చెయ్యి అడ్డం పెడితే ఎవరితో మొరపెట్టుకోవాలి? బొమ్మ ఇచ్చెయ్యమని అడిగాను. అట్టపెట్టెలో పెట్టి కట్టేశారు.

ఆ బొమ్మకు బహుమతి వచ్చింది. ప్రార్థన దగ్గర పెద్ద పంతులమ్మగారు నన్ను ముందుకు పిలిచి యోగ్యతాపత్రం చేతికిచ్చారు. "సముద్రం చాలా సహజంగా ఉందని మద్రాసువారు రాశారు" అన్నారు. బడి మొత్తం వింటుండగా, "ఆ సముద్రం నాది కాదండీ, మేష్టారిది" అన్నాను. మేష్టారు నేల చూపులు చూశారు. పెద్ద పంతులమ్మగారు నా భుజం తట్టి, "గురువంటే ఇంత భక్తి ఉండాలి" అని అందరికీ చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. నిజం చెప్పినందుకు తిట్టినా బాగుండేది!

వేసవి సెలవులకు ఇంటికి వెళ్లేసరికి నాన్న ఆ బొమ్మను బడినుంచి తెప్పించి, అద్దం కట్టించి వసారాలో మేకు కొట్టారు. వచ్చినవాళ్లకల్లా చూపించి మురిసిపోతున్నారు. అమ్మ పమిటచెంగుతో అద్దం తుడుస్తూ, "ఎంత బాగా వేశావే! అచ్చం సముద్రమే" అంది.

పుట్టిన దగ్గర్నుంచీ ఏటా హంసలదీవిలో మునుగుతున్న మనిషి. ఇంటికి రాగానే ఆ చీరను మూడు నీళ్లు పిండితే గాని మట్టి వదిలేది కాదు.

"అమ్మా, మనం మునిగింది ఈ రంగు నీళ్లలోనా?" అన్నాను.

అమ్మ నవ్వింది. "మనదీ ఒక సముద్రమేనటే? ఆ బురదనెవరు బొమ్మ వేసుకుంటారు? బొమ్మకెక్కాలంటే ఇలా ఉండాలి గానీ."

మేష్టారి మీదైతే కోపం తెచ్చుకోగలిగాను. ఆయన మద్రాసు మనిషి, పై ఊరి కళ్లు. అమ్మ చెయ్యి పట్టుకునే నేను ఆ నీళ్లలో మొదటిసారి మునిగాను. ఆమెను ఏమనాలో తెలియలేదు.

"మనదే సముద్రమమ్మా! మనదే!" అని అరిచాను. వీధి అరుగు మీద నాన్నతో మాట్లాడుతున్నవాళ్లు మాటలాపి లోపలికి తొంగిచూశారు.